రాళ్ళ మీద గోనె

మా ప్రాంతపు కబడ్డీ సంఘానికి నేను పదకొండేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాను. అందులో చివరి మూడేళ్ళు ఉండాల్సింది కాదు. దిగిపొమ్మని అడిగినవాళ్ళు న్యాయంగానే అడిగారు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

నేనెప్పుడూ కబడ్డీ ఆడలేదు. చిన్నప్పటి నుంచీ లావు. బడిలో జట్లు పంచుకునేటప్పుడు ఇద్దరు నాయకులూ ఒక్కొక్కళ్ళనే పిలుచుకుంటూ పోయి, చివరికి నేనొక్కణ్ణి మిగిలితే, "వీణ్ణి మీరు ఉంచుకోండిరా", "మాకొద్దు, మీరే ఉంచుకోండి" అని వాదులాడుకునేవాళ్ళు. నేను నవ్వుతూ వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి. పెద్దయ్యాక మిర్చి వ్యాపారంలో పడ్డాను. పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, రైతులు కాయ ఎండబోసిన కళ్ళాల్లోనే కాటా వేయించి కొని గుంటూరు పంపేవాణ్ణి. నలుగురిలో నా మాటకు కాస్త విలువ వచ్చిన రోజుల్లో సంఘం వాళ్ళు ఇంటికొచ్చి అధ్యక్షుడిగా ఉండమన్నారు. సరేననడానికి నాకు క్షణం పట్టలేదు.

పోటీ మొదలయ్యే ముందు రెండు జట్లూ వరసగా నిలబడతాయి. అధ్యక్షుడు ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ వెళ్తాడు. పట్టు జారకుండా మట్టి రుద్దుకున్న అరచేతులవి. కొన్ని చల్లగా ఉండేవి, కొన్ని వణికేవి. వరస దాటేసరికి నా చెయ్యి కూడా ఎర్రగా మట్టి అయ్యేది. దాన్ని వెంటనే కడుక్కునేవాణ్ణి కాదు. ఆ కాసేపూ నేను కూడా జట్టులో ఉన్నట్టే ఉండేది. కుర్చీ మీద నా ఆశంతా ఇంతే. చెప్పుకుంటే నవ్వొస్తుంది. మా ఆవిడ నవ్వేది కూడా. "ఆ ప్రెసిడెంటు బ్యాడ్జి బనీనుకు పెట్టుకుని పడుకోండి, రాత్రి ఎవరైనా ఎత్తుకుపోగలరు" అనేది.

తొంభైల చివర్లో ఒక ఏడు, మిర్చి కోతల కాలంలో, బాలికల జట్టు ఎంపికలు పెట్టాం. ఆ వయసు పిల్లల ఆటలో బరువుకు హద్దు ఉంటుంది. హద్దు దాటితే ఆడనివ్వరు. ఎంపికలు జరిగే బడిలో బరువు చూసే మిషను పాడైంది. "మా కాటా ఉంది కదా" అన్నాను నేను, గొప్పగా.

అది దూలానికి గొలుసులతో రెండు చెక్క పలకలు వేలాడే పెద్ద కాటా. ఒక పలక మీద రాళ్ళు, ఒక పలక మీద మిర్చి బస్తా. బస్తా తూచేటప్పుడు గోనె బరువు కాయ బరువులో కలిసిపోకూడదు. అందుకని రాళ్ళు పెట్టిన పలక మీద కూడా ఒక ఖాళీ గోనె మడిచి వేస్తారు. ఇటు గోనె, అటు గోనె, లెక్క సరి. మా కాటా చూసే సాయిబు ముప్పై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. పొద్దున్నే కాటా కట్టగానే రాళ్ళ మీద గోనె వెయ్యడం ఆయనకు తలపాగా చుట్టుకోవడం లాంటిది. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

ఆ రోజూ అంతే జరిగింది. హద్దుకు సరిపడా రాళ్ళు పెట్టాడు, మీద గోనె వేశాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి రెండో పలక మీద గొలుసులు పట్టుకుని కూర్చున్నారు. పలక నేలకు తగిలితే బరువు ఎక్కువ, గాల్లో నిలిస్తే సరి. దాదాపు అందరూ తేలిగ్గా లేచారు. అంతా భయపడింది ఒక్క పిల్ల గురించే. జట్టు నాయకురాలు ఆమె. వాళ్ళమ్మ కూలికి వెళ్తుంది, సెలవు రోజుల్లో ఈ పిల్ల కూడా మిరపకాయ కోతలకు వెళ్ళేది. ఆ మంట చేతులతో ఎదుటి జట్టు పిల్ల చీలమండ పట్టిందంటే ఇక వదిలేది కాదు. హద్దుకు అటూ ఇటూగా ఉంటుందని ముందురోజు సాయంత్రం నుంచీ అన్నం మానేసింది.

ఆమెను ఆరో తరగతి నుంచి తయారు చేసింది ఆ బడి డ్రిల్లు మాస్టారు. నలభై ఐదు దాటిన మనిషి, ఎప్పుడూ తెల్ల కాన్వాసు బూట్లు. పిల్ల పలక ఎక్కి కూర్చుంటే ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పలక ఊగింది, నేలకు రెండు వేళ్ళ ఎత్తులో నిలిచింది. పిల్ల ఉయ్యాల ఎక్కినట్టు నవ్వింది. మాస్టారు జేబులోంచి అరటిపండు తీసి, సగం తొక్క ఒలిచి ఆమె చేతికిచ్చాడు. బరువుల కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు. కింద, నా ఎదుట తూచారని నేను పెట్టాను.

సాయంత్రం కాటా విప్పి ట్రాక్టరులో పెడుతుంటే సాయిబు నా దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అయ్యా, గోనె తియ్యలేదండి. అలవాటులో రాళ్ళ మీద వేసేశాను. పిల్లలకు గోనె ఎక్కడిది?"

నాకు వెంటనే అర్థమైంది. గోనె ఒక కేజీకి తక్కువుండదు. మిగతా పిల్లలకు ఇబ్బంది లేదు, నాయకురాలికే ఉంటుంది. మళ్ళీ తూచాలి. మాస్టారు అప్పటికి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడు, కానీ స్కూటరు మీద వెళ్తే పావుగంట దారి. నేను వెళ్ళలేదు. తూస్తే ఆ పిల్ల జట్టులోంచి పోతుంది, జట్టు బలం పోతుంది, కాటా నాదేనని మైకులో చెప్పుకున్నవాణ్ణి నలుగురిలో చిన్నబోతాను. "ఒక గోనెకేముందిలే సాయిబూ" అన్నాను. ఆయన గోనెను దులిపి, మళ్ళీ మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

వారం తిరక్కుండానే వేరే ఊళ్ళో పై పోటీలు జరిగాయి. అక్కడ మంచి మిషను ఉంది. మా నాయకురాలు పావుకేజీ ఎక్కువ తూగింది. అరగంట టైమిచ్చారు. మాస్టారు ఎవరి దగ్గరో స్వెట్టరు అడిగి తెచ్చి ఆమెకు తొడిగించి, చెమట పట్టాలని ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు. ఒక్కతే పరిగెత్తుతుంటే చూడలేక ఆయన కూడా పక్కన పరిగెత్తాడు. నేను షామియానా కింద కుర్చీలో కూర్చుని చూశాను, చొక్కాకు బ్యాడ్జితో. ఆమె గాజులు తీసేసింది, పట్టీలు తీసేసింది, రిబ్బన్లు తీసేసింది. మళ్ళీ తూచారు. ఇంకా కాస్త ఉంది. "జడ కత్తిరించెయ్యండి సారూ" అంది. మాస్టారు వద్దన్నట్టు తలూపి, విప్పిన రిబ్బన్లు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లేకుండా ఆడి ఓడిపోయాం. ఓటమితో ఆగలేదు. మా సంఘం కావాలనే దొంగ బరువులు రాసి పంపిందని ఎదుటివాళ్ళు ఫిర్యాదు చేశారు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. మా ఆటగాళ్ళే కొందరు అధ్యక్షుడు దిగిపోవాలన్నారు. పర్చూరు రోడ్డులో కల్వర్టు గోడ మీద, కోర్టు గీతలు గీసే సున్నంతోనే ఆ మాట ఇంత ఇంత అక్షరాలతో రాశారు. రోజూ ఆ గోడ పక్కనుంచే నా స్కూటరు వెళ్ళాలి. అది దగ్గరపడేసరికి తల తిప్పుకుని అవతలి పక్క పత్తి చేల కేసి చూసేవాణ్ణి.

మీటింగు పెట్టాం. సంఘంలో అందరికంటే పెద్దాయన, పాత ఆటగాడు, సూటిగా అడిగాడు. "కాటా ఎవరిదయ్యా?"

"నాదే. కాటాలో తేడా ఉంటే ఈ క్షణం దిగిపోతాను. తెప్పిస్తాను, మీరే చూసుకోండి" అన్నాను.

తెప్పించాను. రాళ్ళకు రాళ్ళు వేసి చూశారు. చీమ తల అంత తేడా లేదు. ఉండదని నాకు తెలుసు. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది ఇదే. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కాటా మంచిదైతే చూసి రాసినవాడిదే తప్పని ఎవరో అన్నారు. అందరి కళ్ళూ మాస్టారు మీదికి వెళ్ళాయి. ఆయన లేచి నిలబడ్డాడు. ఆ రోజు కాటా మీద పలక లేవడం తన కళ్ళతో చూశాననీ, ఇదెలా జరిగిందో తనకు అర్థం కావడం లేదనీ, అయినా సంతకం తనదే కాబట్టి బాధ్యత కూడా తనదేననీ చెప్పి కూర్చున్నాడు. మూడేళ్ళ పాటు సంఘం పోటీలు జరిగే చోట ఆయన అడుగు పెట్టకూడదని తీర్మానం రాశారు. కింద సంతకం నాది.

మర్నాడు సాయిబు వచ్చి, తాను వెళ్ళి అసలు సంగతి చెప్పేస్తానన్నాడు. చెబితే ఆయనకే నష్టమని నేను నెమ్మదిగా, ఎంతో మంచివాడిలా చెప్పాను. ఆ నెమ్మదిలో ఏముందో ఆయనకు అర్థమైంది.

ఆ మూడేళ్ళూ నేను కుర్చీలోనే ఉన్నాను. నేను దిగితే సంఘం పడిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. గోనె వేసింది నేను కాదు కదా అని కూడా చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నన్ను దిగమన్నది గోనె వేసినందుకు కాదు. దాని సంగతి తెలిసి కూడా కుర్చీలో కూర్చున్నందుకు. అది వాళ్ళకు తెలియకుండానే అడిగారు, నేను తెలిసీ దిగలేదు. పోటీలు జరిగిన ప్రతిసారీ మాస్టారు వచ్చేవాడు. గ్రౌండు చుట్టూ కట్టిన తాడుకు అవతల సైకిలు స్టాండు వేసి, క్యారేజి మీద కూర్చుని చూసేవాడు. కేకలు వేయడం, సైగలు చేయడం ఉండేది కాదు. తన బడి పిల్లలు ఆడుతుంటే ఆయన కాళ్ళు మాత్రం కదిలేవి. నేను వరసలో పిల్లల చేతులు పట్టుకుంటూ వెళ్తూ, ఆ తెల్ల బూట్లు కనిపించినప్పుడల్లా తొందర తొందరగా వరస ముగించేవాణ్ణి.

మూడో ఏడు మాఘమాసంలో మా కళ్ళంలో తాలు కాయలు ఏరుతున్నారు. రంగు పోయిన కాయను మంచి కాయ నుంచి వేరు చేసే పని అది. ఘాటు తగలకుండా ఆడవాళ్ళందరూ మొహాలకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాలకు లేచినప్పుడు ఒకమ్మాయి గుడ్డ విప్పుకుంటూ నా దగ్గరికి వచ్చింది. అప్పుడు గుర్తుపట్టాను. మా నాయకురాలు. వయసు దాటిపోయి ఆ జట్టులో ఆడే వీలు ఎప్పుడో పోయింది.

"ప్రెసిడెంటు గారూ, ఒక మాట అడగనాండి?"

అడగమన్నాను.

"మా సారును మళ్ళీ లోపలికి రానివ్వండి. తప్పు ఆయనది కాదండి, నాది."

నీదేం తప్పమ్మా అన్నాను. ఆమె చేతిలో గుడ్డను మడతలు పెడుతూ నిలబడింది.

"ఆ పోటీలకు వెళ్ళేటప్పుడు మా అమ్మ పులిహోర రెండు పొట్లాలు కట్టిచ్చిందండి. సారు ఒక్కటే తిను, బరువు జాగ్రత్త అన్నారు. బస్సులో అందరూ కునుకు తీస్తుంటే నేను రెండోది కూడా తినేశాను. ఆకలేసిందండి. ఆ రెండో పొట్లమే నన్ను ముంచింది. సారుకు కూడా చెప్పలేదు, సిగ్గేసి. అప్పటి నుంచి ఇంట్లో పులిహోర చేసినా ముట్టుకోనండి."

నేనేం చెయ్యాలి అప్పుడు? అక్కడే, ఆ కాయల మధ్య నిలబడే చెప్పాలి. గోనె పది అడుగుల దూరంలో ఉంది, రాళ్ళ మీద, ఎప్పటిలాగే. నా నోటి నుంచి వచ్చిన మాట "చూద్దాంలేమ్మా". ఆమె దణ్ణం పెట్టి అన్నం తినడానికి వెళ్ళింది. టిఫిను డబ్బా మూత తీసి, పక్కావిడకు ఏదో చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూశాక కళ్ళంలో నిలబడలేకపోయాను. స్కూటరు తీసి నేరుగా మాస్టారి ఊరు వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చుని కాన్వాసు బూటు అడుగు ఊడితే దబ్బనంతో కుట్టుకుంటున్నాడు. రండి, కూర్చోండి అన్నాడు. నేను కూర్చోలేదు.

"మాస్టారూ, ఆ రోజు రాళ్ళ మీద గోనె ఉంది."

ఆయన దబ్బనం ఆపలేదు. "తెలుసండి."

"ఎప్పటి నుంచి?"

"మీటింగైన వారానికి సాయిబు వచ్చి చెప్పాడు. ఏడ్చాడు పాపం. ఎవరితోనూ అనొద్దని నేనే అన్నాను. మీ దగ్గర పని పోతే ఆ వయసులో ఎక్కడికెళ్తాడు?"

"మరి మీరైనా ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు చెప్తారనుకున్నానండి" అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. మూడేళ్ళు నిజంగానే అలా అనుకుంటూ కూర్చున్న మనిషి గొంతు అది.

నేను పులిహోర సంగతి చెప్పాను. అప్పుడు ఆగింది దబ్బనం. "పులిహోరా?" అన్నాడు. బూటు కింద పెట్టి, "ఈ మూడేళ్ళూనా?" అన్నాడు. సాయిబుకు అన్యాయం జరక్కూడదని ఊరుకున్నాననీ, పిల్ల ఇంత మోస్తోందని తనకు తెలియలేదనీ తనలో తాను గొణుక్కున్నాడు. తప్పు మొత్తం నాదైనా, ఆయన మొహంలో కూడా తప్పు చేసినవాడి బాధ కనిపించింది. నేను ఎవరెవరికి ఏమేం పంచిపెట్టానో ఆ మొహం చూశాకే నాకు పూర్తిగా తెలిసింది. ఆయన లేచి, దండెం మీది చొక్కా తీసి తొడుక్కుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతోనే బయల్దేరబోయి, చూసుకుని, రెండు చెప్పులూ వేసుకున్నాడు. "పదండి" అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఆమె పని నుంచి వచ్చి, చేతుల మంట తగ్గడానికి అరచేతులకు పెరుగు రాసుకుంటోంది. సారును చూసి గబగబా లేచింది. నేను చెప్పాను. ఇటు గోనె, అటు గోనె, పిల్లలు కూర్చున్న పలక మీద మాత్రం లేని గోనె, అంతా చేతులతో చూపిస్తూ చెప్పాను. ఆ రోజు సాయంత్రమే నాకు తెలుసనీ, పావుగంట దారి కూడా రాలేదనీ చెప్పాను. ఆమె నా కేసి చూడలేదు. సారు కేసి చూసింది.

"అయితే పులిహోర కాదాండీ?"

"కాదమ్మా. బస్సు ఎక్కకముందే, ఇక్కడే ఎక్కువున్నావు. రెండు కాదు, నాలుగు పొట్లాలు తినాల్సింది నువ్వు" అన్నాడు మాస్టారు.

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. పెరుగు చేతులు దూరంగా పెట్టుకుని, మోచేతితో కళ్ళు తుడుచుకుంది. నన్ను ఏమైనా అంటుందని నేను నిలబడ్డాను. చివరికి మాస్టారే నా భుజం తట్టి బయటికి నడిపించాడు.

నా పదవీకాలం అప్పటికి ఇంకో రెండు నెలలే ఉంది. గౌరవంగా ముగించుకోవచ్చని, ఎవరూ అడగని సంగతి ఇప్పుడెందుకని మిత్రులు చెప్పారు. మళ్ళీ మీటింగు పిలిపించాను. సాయిబును నా పక్కన కూర్చోబెట్టుకున్నాను, ఆయన మీద ఎవరూ మాట తూలకుండా. జరిగింది జరిగినట్టు చెప్పాను. మాస్టారి మీద తీర్మానం పొరపాటని పుస్తకంలో రాయించాను. బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన్ను ఎంతకాలం బయట నిలబెట్టానో అంతకాలం నేనూ పోటీల తాడు దాటకూడదని ఇంకో తీర్మానం రాయమన్నాను. కొందరు నవ్వారు. నవ్వినా రాయండి అన్నాను. కాటా ఎవరిదని అడిగిన ఆ పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "గోనె ఉందన్న మాటకు మూడేళ్ళు పట్టిందేవయ్యా" అన్నాడు.

మరుసటి ఎంపికలప్పుడు వెళ్ళి తాడుకు అవతల నిలబడ్డాను. బడికి కొత్త మిషను వచ్చింది, కానీ మాస్టారు కబురు పెట్టి మా కాటాయే తెప్పించాడు. సాయిబు రాళ్ళు పెట్టి, గోనెను రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించి, దూరంగా గోడ మీద వేసి వచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి పేర్లు రాసుకుంటూ, పలక ఎక్కే పిల్లల జడలు ముందుకు వేస్తూ మాస్టారికి సాయం చేస్తోంది. జట్లు వరసగా నిలబడ్డాయి. కొత్త అధ్యక్షుడు చేతులు పట్టుకుంటూ నడిచాడు. నా కుడిచేతిని ఏం చేసుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆమె గ్రౌండుకు అడ్డంగా నడిచి నా వైపు వచ్చింది. తాడు మీదుగా ఒక అరిటాకు పొట్లం చాచింది. తీసుకోవడానికి నేను వెనకాడితే, నా పొట్ట కేసి ఒకసారి చూసి, ఆ ఏళ్ళన్నిటిలో మొదటిసారి నాతో నవ్వింది.

"తినండి ప్రెసిడెంటు గారూ, మీరెలాగూ కాటా ఎక్కరుగా."

పొట్లం విప్పాను. పులిహోర. ఇంకా వెచ్చగా ఉంది. రెండో పొట్లం ఆమె చేతిలో ఉంది. తాడుకు లోపలి వైపు, అక్కడే నిలబడి, అది విప్పుకుని తినడం మొదలుపెట్టింది.